పాట వింటూ తీసిన ఫొటోలు

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఆదివారం ఆబిడ్స్ గురించి చెప్పక్కర్లేదు. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. తొంభైల మొదట్లో డిగ్రీ చదివేటప్పుడు పద్మారావు నగర్ నుంచి బస్సెక్కి ఆదివారమల్లా అక్కడికి చేరేదాన్ని. ఎంసెట్ గైడ్లు, అట్టల్లేని నవలల మధ్య ఎప్పుడో ఒకసారి విదేశీ సంగీత పత్రిక కనిపించేది. బేరమాడి కొనుక్కుని, బస్సులోనే తిరగేయడం మొదలుపెట్టేదాన్ని. చదివేదానికంటే చూసేదే ఎక్కువ. ఆ గిటారిస్టుల పాటలు వినకముందే వాళ్ల ముఖాలు, వేళ్లు, చొక్కాల మీది చెమట మరకలు నాకు బాగా తెలుసు.

ఫొటోల అంచున చిన్న అక్షరాలతో వాటిని తీసినవాళ్ల పేర్లుండేవి. జిమ్ మార్షల్. మిక్ రాక్. బాబ్ గ్రూయెన్. పెన్నీ స్మిత్. బ్యాండ్ల పేర్లతోపాటు ఈ పేర్లు కూడా నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. పెన్నీ స్మిత్ ఆడమనిషి అని తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్టేజీ ముందు, అంత హోరులో, మగవాళ్ల తోపులాటలో నిలబడి ఒక ఆడమనిషి ఫొటోలు తీస్తోందంటే నేనూ తీయొచ్చు కదా అనిపించింది. ఈలోగా స్టార్ టీవీ వచ్చింది, పక్కింటి డిష్ నుంచి మా ఇంటికి కేబుల్ వచ్చింది, ముఖాలకి గొంతులు తోడయ్యాయి.

నాన్న రైల్వేలో క్లర్కు. ఒక దసరాకి బోనస్ రాగానే నాకోసం సెకండ్ హ్యాండ్ నికాన్ ఎఫ్ఎం2 కొన్నారు. "పెళ్లిళ్ల ఫొటోలు తీసుకున్నా బతుకుతుంది లేవే" అని అమ్మకి సర్దిచెప్పారు. 1982లో వచ్చిన మోడల్ అది. షట్టర్ నడవడానికి బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రం రెండు చిన్న సెల్లులు వేయాలి. దుమ్ములో, వానలో, ఒకసారి స్టేజీ మెట్ల మీద నుంచి దొర్లిపడ్డాక కూడా పనిచేసింది. నేర్చుకోవడానికి ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసే ఇందు రీళ్లు వాడేదాన్ని. రాత్రి ప్రోగ్రాములకి మాత్రం కొడక్ ట్రై-ఎక్స్ కావాల్సిందే. దాని కోసం ట్యూషన్లు చెప్పేదాన్ని.

నాకు పని నేర్పింది కోఠిలో మేడమెట్ల కింద డార్క్ రూమ్ నడిపే ఒక పెద్దాయన. అందరూ ఆయన్ని చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. స్టేజీ మీద వెలుతురు ఎప్పుడూ చాలదు కాబట్టి 400 స్పీడు (అంటే వెలుతురుని పట్టే శక్తి) ఫిల్మ్‌ని 1600 అనుకుని తీసి, ఆ తక్కువైన ఎక్స్‌పోజర్‌ని డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి రాబట్టాలి. పుష్ చేయడం అంటారు. నీడలు నల్లగా మూసుకుపోతాయి, గ్రెయిన్, అంటే రవ్వలాంటి చుక్కలు, లేస్తుంది, కానీ ముఖం దక్కుతుంది. మన ఊళ్లో అసలు చిక్కు మే నెలలో వచ్చేది. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి, కుళాయి నీళ్లేమో చేతికి వేడిగా తగిలేవి. సోడా బండి దగ్గర ఐసు ముక్క కొని, గోనెసంచిలో చుట్టి తెచ్చి, బేసిన్‌లో వేసి, అందులో సీసాలు పెట్టేవాళ్లం. డెవలపర్ ఒక్కటీ చల్లబరిస్తే సరిపోదు. బొమ్మని నిలబెట్టే హైపో, కడిగే నీళ్లు కూడా అదే చల్లదనంలో ఉండాలి. తేడా వస్తే నెగెటివ్ మీద పొర ముడతలు పడుతుంది. ట్యాంకు తిప్పే చెయ్యి నాది ఎప్పుడూ తొందరపడేది. "జల్దీ నక్కో, బేటీ" అనేవారు చాచా, చీకట్లోంచి. తొందర వద్దమ్మా అని.

నా మొదటి రాక్ ప్రోగ్రాం కాంటాక్ట్ షీట్ (రీలులోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన ప్రింటు) ఆయనకి చూపించాను. ఒక కాలేజీ ఫెస్ట్‌లో తీసింది. ఫోకస్ బాగుంది, ఎక్స్‌పోజర్ బాగుంది, నాకు గర్వంగానే ఉంది. చాచా భూతద్దంతో ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూసి, "ఇస్‌మే గానా కహాఁ హై?" అన్నారు. ఇందులో పాటేదీ అని. నాకు అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పలేదు, మరుసటి గురువారం రాత్రి నాంపల్లి యూసుఫైన్ దర్గాకి రమ్మన్నారు. కెమెరా తేవద్దన్నారు.

వెళ్లాను. ఖవ్వాలీ జరుగుతోంది. ఒక మూలన కూర్చోబెట్టి, చూడొద్దు, విను అన్నారు. చాలాసేపు విన్నాను. పాడే పెద్దాయన ఒక మాటని పట్టుకుని మళ్లీ మళ్లీ అంటాడు, వెనకవాళ్లు అందుకుంటారు, చప్పట్లు బిగుస్తాయి. మాట విరగబోయే ముందు ఆయన గొంతులో చిన్న ఆగుడు. ఆ తర్వాతే చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచింది చూసి మీట నొక్కితే ఆలస్యమైపోయినట్టే. ఆ ఆగుడు విన్నప్పుడే నొక్కాలి. చాచా ఏళ్ల తరబడి ఖవ్వాలీలు, గజల్ మెహఫిల్‌లు తీసినవారు. ఆయన ఫొటోల్లో చేతులన్నీ సరిగ్గా గాలిలో ఎందుకుంటాయో నాకు ఆ రాత్రి తెలిసింది. నా వృత్తి మొత్తం ఆ దర్గా ఆవరణలో నేర్చుకున్నదాని మీదే నడిచిందని చెప్పగలను.

అప్పటి నుంచి బ్యాండ్ల రిహార్సళ్లకి వెళ్లడం మొదలుపెట్టాను. మారేడ్‌పల్లి, తార్నాక, సైనిక్‌పురి కుర్రాళ్లు ఎవరింటి మేడ మీదో, కారు తీసేసిన షెడ్డులోనో వాయించుకునేవారు. లాలాగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. గిటార్ పట్టుకోవడం ఆ ఇళ్లల్లో పిల్లలకి చిన్నప్పుడే వచ్చేసేది. నాన్న రైల్వే కాబట్టి ఆ ఇళ్లకి వెళ్లడానికి నాకు అడ్డు లేకపోయింది. "అక్కా, ఈ పాటల సోలో మంచిగ వస్తది, సూడు" అని డ్రమ్మర్ కుర్రాడు ముందే చెప్పేవాడు. నేను పాటల లిస్టు రాసుకుని, ఏ పాటలో ఎక్కడ ఏం జరుగుతుందో పక్కన గుర్తులు పెట్టుకునేదాన్ని.

ఎందుకంటే స్టేజీ మీద ప్రతిదీ పాటని బట్టే నడుస్తుంది. లైట్లతను కోరస్ దగ్గర అన్నీ వెలిగిస్తాడు. నాకు దక్కే మంచి వెలుతురు ఆ కాసేపే. గాయకుడి నోటికి మైకు అడ్డం వస్తుంది కాబట్టి అతను పాడుతున్నప్పటికంటే లైను పూర్తిచేసి మైకు నుంచి ఒక అంగుళం వెనక్కి జరిగినప్పుడు ముఖం బాగా దొరుకుతుంది. పెదాలు మూసుకునే అక్షరాల దగ్గర తీస్తే మనిషి ఏదో నములుతున్నట్టు వస్తాడు, సాగదీసే అచ్చు దగ్గర తీస్తే పాడుతున్నట్టు వస్తాడు. తర్వాత్తర్వాత రవీంద్రభారతిలో సినిమా పాటల కచేరీలు తీసినప్పుడు ఇది ఇంకా బాగా పనికొచ్చింది, మన మాటలు చాలావరకు అచ్చులతోనే కదా ముగుస్తాయి. డ్రమ్మర్ ఎప్పుడూ వెనక చీకట్లో ఉంటాడు. అతని ముఖం కావాలంటే సింబల్ మీద పెద్ద దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసి ఉండాలి, తల అప్పుడే పైకెత్తుతాడు.

ఫ్లాష్ వాడేదాన్ని కాదు. 50 ఎంఎం లెన్స్ బార్లా తెరిచి, 1/125 షట్టర్ స్పీడులో, ఊపిరి బిగబట్టి తీసేదాన్ని. ఎర్ర లైట్లు వేస్తే నలుపు తెలుపు ఫిల్మ్ తట్టుకునేది. డిజిటల్ వచ్చాకే ఎరుపు పెద్ద శత్రువైంది, ముఖమంతా వివరం లేని ఎర్రటి ముద్దగా వచ్చేది.

పత్రికల్లో పేర్లుగా చూసినవాళ్లని అప్పుడు కొత్తగా చూడటం మొదలుపెట్టాను. జిమ్ మార్షల్‌నే తీసుకోండి. 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో బీటిల్స్ చివరి టికెట్ కచేరీ జరిగినప్పుడు వాళ్ల గదిలోకి వెళ్లగలిగిన మనిషి ఆయన. 1969లో శాన్ క్వెంటిన్ జైల్లో, జైలు అధికారి కోసం ఒక ఫొటో తీద్దామా అని ఈయన అడిగితే గాయకుడు జానీ క్యాష్ కోపంగా మధ్యవేలు చూపించాడు. ఆ ఫొటో ఇవాళ్టికీ టీ షర్టుల మీద కనిపిస్తుంది. పూర్తి అనుమతి ఇవ్వకపోతే మార్షల్ పని ఒప్పుకునేవాడు కాదు. మొండితనం అంటారు చాలామంది. అది సంగీతం మీద గౌరవమనే నేను అనుకుంటాను. రెండు నిమిషాలు గేటు దగ్గర నిలబడి తీసేసి వెళ్లిపోతే ఆ మనిషి నీకేం తెలుస్తాడు?

పెన్నీ స్మిత్ ఫొటో సంగతి కూడా చెప్పాలి. 1979 సెప్టెంబర్, న్యూయార్క్ పల్లాడియం. ది క్లాష్ బ్యాండ్‌లో పాల్ సిమనన్ ఒక్కసారిగా బేస్ గిటార్ తిరగేసి నేలకేసి కొట్టబోయాడు. ఆమె వెనక్కి తప్పుకుంటూనే నొక్కింది. ఫోకస్ సరిగ్గా లేదని ఆమెకే నచ్చలేదు, ఆల్బమ్ అట్ట మీద వేయొద్దంది. బ్యాండ్ వినలేదు. రాక్ సంగీతంలో అంతకంటే పేరున్న ఫొటో ఇంకొకటి చెప్పమంటే నాకు వెంటనే తట్టదు. ఆ ఫొటోలో గిటార్ ఇంకా నేలకి తగల్లేదు గమనించండి. వంగిన వీపు, రెండు చేతులు, దెబ్బకి ముందు క్షణం. ఖవ్వాలీలో ఆగుడు ఇదే.

రాక్ ఫొటోలు నాకు తిండి పెట్టలేదు. 1993లో అలహాబాద్ నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ పత్రిక మొదలయ్యాక దేశమంతటా బ్యాండ్లకి ఒక చోటు దొరికింది కానీ, హైదరాబాద్‌లో ఆ ఫొటోలు కొనేవాళ్లెవరు? సినిమావాళ్లు కొంటారు. అందుకని ఒక సీనియర్ స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరాను. సారథి, అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు, ఔట్‌డోర్‌కి ఎటు తీసుకెళ్తే అటు. "స్టిల్స్‌కి ఆడపిల్లేంటండీ" అని ప్రొడక్షన్ మేనేజర్లు ఆయన్నే అడిగేవారు, నేను పక్కనే ఉండగా. ఆయన జవాబు చెప్పేవారు కాదు, లెన్సు నా చేతిలో పెట్టేవారు.

షాట్ ఓకే అనగానే "స్టిల్!" అని గట్టిగా అరవాలి. నటులు అదే చోట అదే భంగిమలో ఆగుతారు, ఒకటి రెండు తీసుకోవాలి, లైట్‌బాయ్‌లు అప్పటికే స్టాండ్లు కదుపుతుంటారు. కంటిన్యూటీకి వేరే ఫొటోలు. బొట్టు ఎటుంది, గాయం ఏ చెంప మీద, చొక్కా బొత్తాలు ఎన్ని పెట్టుకున్నాడు, అన్నీ కనబడాలి. మంచివి ఏరి సితార, జ్యోతిచిత్ర లాంటి వారపత్రికలకి పంపేవారు. ఇంకొన్ని సినిమా హాళ్ల అద్దాల పెట్టెల్లోకి షో కార్డులుగా వెళ్లేవి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టికెట్ దొరకని కుర్రాళ్లు ఆ కార్డుల ముందు గంటలు గంటలు నిలబడి కథ ఊహించుకునేవారు. వాళ్ల వెనక నిలబడి ఆ మాటలు వినడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

తర్వాత సొంతంగా తారల పోర్ట్రెయిట్లు మొదలుపెట్టాను. డబ్బు బాగానే వచ్చింది, చిరాకులూ వచ్చాయి. ఒక పత్రిక నా ఫొటోని ముఖచిత్రంగా వేసి పేరు వేయలేదు. ఒక నిర్మాత చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. వాటి గురించి ఇంతకంటే రాయబుద్ధి కావట్లేదు. చెప్పాల్సింది ఒక పెద్ద హీరో గురించి. సినిమాలో అంత చలాకీగా ఉండే మనిషి స్టిల్ కెమెరా ముందు కట్టెలా బిగుసుకుపోయేవారు. గడ్డం పైకెత్తండి సార్, భుజం తిప్పండి సార్ అన్నకొద్దీ ఇంకా బిగుసుకునేవారు. మేకప్ మాన్ దగ్గరున్న టేప్‌రికార్డర్‌లో ఆయన పాత సినిమా పాట ఒకటి పెట్టించాను. మొదటి చరణం అయ్యేసరికి కాలు కదిలింది. రెండో చరణంలో ఏదో గుర్తొచ్చినట్టుంది, తనలో తనే నవ్వుకున్నారు. ఆ పాట నాకు కంఠతా వచ్చు. చరణం ముగిసి పల్లవికి వచ్చే చోట ఆయన తల తిప్పుతారని తెలుసు. తిప్పారు. "ఏమ్మా, ఎప్పుడు తీశావు? నాకు తెలియనే లేదే" అన్నారు ప్రింట్లు చూసి. ఆ తర్వాత నా స్టూడియోలో టేప్‌రికార్డర్ లేకుండా ఏ షూటింగూ జరగలేదు.

సినిమా స్టిల్సూ రాక్ ఫొటోలూ వేర్వేరు లోకాలని అందరూ అనేవారు. మిక్ రాక్ తీసిన క్వీన్ బ్యాండ్ రెండో ఆల్బమ్ అట్ట చూపించి ఆ మాట కాదనేదాన్ని. 1974. చీకట్లోంచి నాలుగు ముఖాలు, ఛాతీ మీద చేతులు ముడుచుకుని ఫ్రెడ్డీ మెర్క్యురీ. ఆ ఊహ మార్లిన్ డీట్రిక్ నటించిన 1932 నాటి సినిమా స్టిల్ నుంచి వచ్చింది. గాయకుడు డేవిడ్ బోవీ స్టేజీ మీద జిగ్గీ అనే పాత్ర వేషం కట్టిన రోజుల్లో పక్కనే తిరిగి ఫొటోలు తీసిందీ ఈయనే. ఏ ఊళ్లోనైనా స్టిల్ ఫొటోగ్రాఫర్ పని వేషంలో ఉన్న మనిషిని పట్టుకోవడమే.

మన ఊళ్లో ఈ పనికి మూలపురుషుడు రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందినవాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినవాడు. నవాబులు, వేటలు, విందులు, వైస్రాయ్ రాకలు, ఆనాటి సెలబ్రిటీలందరూ ఆయన గాజు పలకల మీద ఉన్నారు. నాకు వాటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. 1892లో ఆయన పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు, దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. నేను పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఈ ఊళ్లో ఒక ఆడమనిషి కెమెరా వెనక నిలబడింది. ప్రొడక్షన్ మేనేజర్లు ఆ ప్రశ్న అడిగే రోజుల్లో నాకీ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేదో.

పెద్ద విదేశీ బ్యాండ్లు అప్పట్లో హైదరాబాద్ వైపు చూసేవి కావు. రోలింగ్ స్టోన్స్ 2003లో బెంగళూరు వచ్చారు, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. దానికి నేను కాచిగూడలో రైలెక్కి వెళ్లాను. బోగీ నిండా నల్ల టీ షర్టులే. టీటీఈ ఏ ఊరేగింపు బాబూ ఇది అని అడిగి, వాళ్లు పాడి వినిపిస్తే నవ్వి వెళ్లాడు. అలాంటి షోల్లో మొదటి మూడు పాటలే తీయనిస్తారు, ఫ్లాష్ నిషేధం, నాలుగో పాటకి సెక్యూరిటీవాళ్లు స్టేజీ ముందు ఫొటోగ్రాఫర్లు నిలబడే పిట్ ఖాళీ చేయిస్తారు. ఆ మూడు పాటల్లో ఎవరికీ ఇంకా చెమట పట్టదు, జుట్టు చెదరదు. వాళ్ల ఎడ్డీ బొమ్మ స్టేజీ మీదకి వచ్చేది బాగా చివర్లో, అప్పటికి ఫొటోగ్రాఫర్లందరం బయటే. ఈ నిబంధన అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మార్షల్ తీసిన ఫొటోలు మూడు పాటల్లో వచ్చేవి కావు. అయితే కెమెరా సంచిలో పెట్టేసి, జనంలో నిలబడి మిగిలిన షో అంతా విన్నాను. అంత హాయిగా ఏ కచేరీనీ విన్న గుర్తు లేదు.

డిజిటల్ గురించి అందరూ రాశారు, నేను క్లుప్తంగా చెప్తాను. నికాన్ డీ70తో మొదలుపెట్టాను, చీకట్లో అది సరిపోలేదు. డీ700 వచ్చాక 6400 ఐఎస్ఓలో (ఫిల్మ్ స్పీడు లాంటిదే) కూడా ముఖాలు శుభ్రంగా వచ్చాయి, ఐసు ముక్కల అవసరం తీరిపోయింది. చాచా డార్క్ రూమ్ ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్ల షాపుంది. 2012 జనవరిలో కొడక్ దివాలా పిటిషన్ వేసిన వార్త నేనే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నా దగ్గర ట్రై-ఎక్స్ ఎన్ని రీళ్లున్నాయని అడిగారు.

2018లో బ్రయన్ ఆడమ్స్ హైదరాబాద్ వచ్చినప్పుడు మాత్రం నాకు వేరే ఆత్రం. ఆయన పాటలు ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన మంచి ఫొటోగ్రాఫర్ అని కొద్దిమందికే తెలుసు. 2002లో ఎలిజబెత్ రాణి పోర్ట్రెయిట్ తీశాడు, ఆ తర్వాత 2022 పిరెల్లి క్యాలెండర్ కూడా ఆయనే తీశాడు. కెమెరాకి రెండువైపులా నిలబడ్డ మనిషి. గిటార్ పట్టుకుని మైకు నుంచి వెనక్కి జరిగే ప్రతిసారీ ఒక్క క్షణం ఎక్కువ ఆగుతున్నాడనిపించింది నాకు. నా ఊహే కావొచ్చు. ఆ ఆగుళ్లన్నీ నా దగ్గరున్నాయి.

ఇప్పుడు షోలు తగ్గించాను. చెవుల్లో ఎప్పుడూ సన్నటి మోత. స్పీకర్ల పక్కన అన్నేళ్లు నిలబడితే వస్తుందని డాక్టర్ చెప్పారు. కొత్తగా పిట్‌లోకి వచ్చే అమ్మాయిలకి కెమెరా సంగతులకంటే ముందు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమని చెప్తున్నాను. ఇప్పుడు పిట్‌లో అమ్మాయిలు చాలామందే ఉంటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది.

ఇంట్లో ఉన్న సమయమంతా నెగెటివ్‌లతో గడుస్తోంది. తారల ఫొటోలకి భయం లేదు, అవి ఎక్కడో ఒకచోట అచ్చయి ఉన్నాయి. తొంభైల్లో సికింద్రాబాద్, హైదరాబాద్ బ్యాండ్లవే నాకు దిగులు. వాళ్లలో చాలామంది ఒక్క క్యాసెట్ కూడా చేయలేదు. ఉద్యోగాలకి వెళ్లిపోయారు, అమెరికా వెళ్లిపోయారు. వాళ్లు వాయించారనడానికి నా దగ్గరున్న ఈ స్ట్రిప్పులే మిగిలాయి. కొన్నిటికి వానాకాలం తేమకి బూజు పట్టింది, కొన్ని కవర్లు తెరిస్తే వెనిగర్ వాసన వస్తోంది. ఫిల్మ్ పాడవుతోందనడానికి గుర్తు అది. అందుకే ముందు వాటిని స్కాన్ చేస్తున్నాను.

చాలా కవర్ల మీద తేదీ, కాలేజీ పేరు మాత్రమే ఉన్నాయి. ముఖాలు గుర్తున్నాయి, ఏ పాట వాయిస్తున్నారో కూడా కొన్నిటికి గుర్తుంది, పేర్లు లేవు. 1992 నుంచి 1999 మధ్య హైదరాబాద్, సికింద్రాబాద్ కాలేజీ ఫెస్టుల్లోనో, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లోనో మీరు గాని, మీ అన్నో బాబాయో గాని బ్యాండ్‌లో వాయించి ఉంటే నాకు రాయండి. ఏ బ్యాండ్, ఏ వాయిద్యం, ఏ సంవత్సరం. ఫొటో దొరికితే ప్రింటు వేసి పంపుతాను, డబ్బులేం వద్దు. ఎర్ర గళ్ల చొక్కా వేసుకుని ఎడమచేత్తో బేస్ వాయించిన తార్నాక అబ్బాయి ఎవరో తెలిసినవాళ్లు ముందు చెప్పండి. అతనివి రెండు రీళ్లున్నాయి.